బుగ్గయ్య కలిపిన మాలు

మేస్త్రీ బుగ్గయ్య మాలు కలుపుతుంటే నిద్రలో ఉన్నాడేమో అనిపిస్తుంది. తట్టెడు సిమెంటు, రెండు తట్టల ఇసుక, నాలుగు తట్టల కంకర. నీళ్లు కొలవడు. పిడికెడు మాలు తీసి నొక్కుతాడు. ముద్ద నిలిస్తే సరే, విడిపోతే ఇంకొంత సిమెంటు వేస్తాడు. ముప్పై ఏళ్లు సున్నానికి కాలిన ఆ వేళ్లకు వేడీ చలీ తెలియవు గానీ ఇదొక్కటి తెలుసు. దేవరకొండ దగ్గర దొర గడీకి అట్లాగే కలిపాడు. మిలిటరీ వచ్చి ఆ గడీని క్యాంపు చేసుకుని, కొట్టుగది కిటికీకి కడ్డీలు బిగించమన్నా అట్లాగే తలూపాడు.

ఆ గదిలో పెట్టబోయేది దొరల మీద తిరగబడ్డ సంఘంలో పనిచేస్తూ పట్టుబడ్డ అతని తమ్ముణ్ణే. పట్టుబడ్డవాళ్లను అడవికి తోలుకపోయి కాల్చేస్తున్న రోజులవి. "బావా, కడ్డీల కాడ ఇసుక జర ఎక్కువెయ్యి. గుంజితే ఊడొస్తయ్," అంది ఆ తమ్ముని పెళ్లాం ఈదమ్మ. సరేనన్నాడు. మరునాడు తట్టెడు సిమెంటుకు ఆరు తట్టల ఇసుక పోశాడు కూడా. తడిపి, పిడికెడు తీసి నొక్కాడు. విడిపోయింది. ఇంకొంత సిమెంటు వేశాడు. మళ్లీ నొక్కాడు, మళ్లీ వేశాడు. ముద్ద నిలిచాక కడ్డీల చుట్టూ కూరి, తాపీతో నున్నగా చేశాడు. చేతులు కడుక్కునేటప్పుడు గానీ తానేం చేశాడో తెలియలేదు. అప్పటికే క్యాంపు జమేదారు వచ్చి నిలబడ్డాడు. "ఏం మేస్త్రీ, తమ్మునికి అత్తగారిల్లు గట్టిగనే కట్టినవ్," అని నవ్వాడు.

గేటు బయట ఈదమ్మ సద్దిమూటతో కూర్చుని ఉంది.

"ఇసుక ఎంతేసినవ్ బావా?"

"ఎంత పడాల్నో గంతే పడ్డది," అన్నాడు బుగ్గయ్య.