పొట్ట తీయించుకుందామని కరీంనగర్ దాకా

ఇచ్చోడ నుంచి కరీంనగర్ పోయేవాళ్ళు పొద్దున ఆరున్నరకు ఆదిలాబాద్ నుంచి వచ్చే బస్సునే నమ్ముకోవాలి. మిగతావీ వస్తాయి గానీ ఎప్పుడొస్తాయో డ్రైవరుకు కూడా తెలియదు. ఆ శనివారం బడికి సెలవు పెట్టి, చేతిసంచిలో ఒక చీర, నాలుగు చపాతీలు, వారపత్రికలోంచి చింపుకున్న ఒక కాగితం పెట్టుకుని ఆరుంబావుకే బస్టాండులో నిలబడ్డాను. మా ఆయనా టీచరే. స్కూటరు మీద తెచ్చి దింపాడు. సుల్తానాబాద్‌లో అవ్వకు, అంటే మా అమ్మకు, మోకాళ్ళ నొప్పులు ఎక్కువయ్యాయని చెప్పి బయల్దేరాను. అబద్ధమేమీ కాదు, అవ్వకు ఆ నొప్పులు పదేళ్ళ నుంచీ ఉన్నాయి. కాకపోతే దారిలో కరీంనగర్‌లో దిగుతానని గానీ, ఎందుకు దిగుతానో గానీ చెప్పలేదు.

ఆ కాగితంలో లైపోసక్షన్ గురించి రాశారు. పొట్టలోకి సన్నని గొట్టం పంపి కొవ్వును పీల్చేస్తారట. ఎంత కడుపు మాడ్చుకున్నా కరగని పొట్టకు అదే దారి అని రాశారు. హైదరాబాద్ డాక్టరు ఒకాయన నెలకోసారి కరీంనగర్‌లో ఒక నర్సింగ్ హోముకు వస్తాడని తెలిసి ఎస్టీడీ బూతు నుంచి ఫోను చేశాను. మా ఊళ్ళో బూతు పెట్టి అప్పటికి ఏడాది కూడా కాలేదు. బయట నిలబడ్డవాళ్ళు వింటారని గొంతు తగ్గిస్తే అవతల నర్సుకు వినబడదు. చివరికి "పొట్టకు! పొట్టకు!" అని నేనే అరవాల్సి వచ్చింది.

బస్సు ఆరూ నలభైకి వచ్చింది. సీట్లన్నీ నిండి ఉన్నాయి. నేను పైకెక్కి కడ్డీ పట్టుకోగానే కండక్టరు ముందు సీట్లో ఉన్న అతని భుజం తట్టాడు. "కడుపుతోని ఉన్న మనిషి నిలబడ్డది, కండ్లు కనవడ్తలేవా? జర జాగియ్యి" అన్నాడు. అతను గబుక్కున లేచాడు. నేను కూర్చున్నాను. పక్కన తొమ్మిది గజాల చీర కట్టిన ముసలమ్మ నా పొట్టకేసి చూసి నవ్వుతూ మరాఠీలో "కిత్వా మహినా?" అంది. ఎన్నో నెల అని. ఆదిలాబాద్ జిల్లాలో ఆ మాట అందరికీ అర్థమవుతుంది.

"ఏడు" అన్నాను.

మొదట్లో కాదని చెప్పేదాన్ని. చెప్తే అవతలివాళ్ళు సిగ్గుపడతారు, తర్వాత జాలిపడతారు, ఆ తర్వాత పిల్లలెంతమంది అని అడుగుతారు. లేరంటే డాక్టర్ల పేర్లు, దేవుళ్ళ పేర్లు చెప్తారు. అన్ని మాటలు మాట్లాడే ఓపిక నాకు పోయింది. ఏడో నెల అంటే ఒక్క మాటతో అయిపోతుంది. అట్లా నాకు ఏళ్ళ తరబడి ఏడో నెలే నడుస్తోంది.

నాకప్పుడు నలభై ఒకటి. చేతులు సన్నం, కాళ్ళు సన్నం, మొహం పీక్కుపోయి ఉంటుంది. పొట్ట ఒక్కటే ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టె తిన్నాను. ఉలవల నీళ్ళు తాగాను. పొద్దున్నే హైవే మీద నడిచాను, లారీలవాళ్ళు హారన్లు కొట్టి మాన్పించారు. చేతులు ఇంకా సన్నబడ్డాయి గానీ పొట్ట వేలెడు కూడా తగ్గలేదు. బస్సెక్కితే సీటు దొరుకుతుంది గదా అని మా స్టాఫ్‌రూములో హెడ్మాస్టరుతో సహా అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడితే మాత్రం నాకు ఏడుపొస్తుంది. నన్ను ఇంకెవరూ ఎన్నో నెల అని అడగొద్దు. దాని కోసమే ఈ ప్రయాణం.

ఘాట్ దిగి నిర్మల్ చేరేసరికి ఎనిమిదింబావు. పది నిమిషాలు ఆపుతారు. టీ బాగుండదు, ఆడవాళ్ళ మరుగుదొడ్డి అంతకంటే అధ్వానం, ఇంట్లోనే చూసుకుని బయల్దేరడం మంచిది. సోన్ దగ్గర గోదావరి మీద ముసలమ్మ కిటికీలోంచి చిల్లర విసిరి నా తరఫున కూడా దండం పెట్టింది. "మంచిగ కాన్పు కావాలె" అంది, ఈసారి తెలుగులో. ఆర్మూరులో ఆమె దిగిపోయాక కిటికీ పక్కకు జరిగి కళ్ళు మూసుకున్నాను. మెట్‌పల్లి, కోరుట్ల ఎప్పుడు దాటాయో తెలియలేదు. జగిత్యాలలో పన్నెండుకు చపాతీలు తిన్నాను. కరీంనగర్‌లో దిగేసరికి ఒకటిన్నర, నడుము కొయ్యబారింది. ఆర్డినరీ బస్సే కాబట్టి టికెట్టు యాభైకి లోపే అయింది.

నర్సింగ్ హోము బస్టాండు నుంచి రిక్షాలో పది నిమిషాలు. డాక్టరు మూడింటికి కూర్చుంటాడన్నారు, నా నంబరు తొమ్మిది. బెంచీ మీద నా పక్కన గాజులు మోచేతుల దాకా వేసుకున్న ఒకావిడ ఉంది. జగిత్యాలలో వాళ్ళది బట్టల దుకాణమట. "నాకు తొడలు. నీకు?" అని అడిగింది, బేరానికి వచ్చినట్టే. పొట్ట అన్నాను. పైకీ కిందికీ చూసి "గింతేనా? గిది ఇట్లనే పోతది" అని ధైర్యం చెప్పింది. ఎందుకో ఆమె మాట నాకు నచ్చింది.

నాలుగూ నలభైకి నన్ను పిలిచారు. డాక్టరుకు యాభై ఉంటాయేమో, నెమ్మది మనిషి. నర్సు కాగితం మీద రాసుకుంటూ పోయింది. వయసు. బరువు. బీపీ, షుగరు లేవు. "కాన్పులు?"

"లేవు" అన్నాను. ఎప్పుడూ చెప్పే జవాబే.

బల్ల మీద పడుకోమన్నాడు. పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి చూశాడు. తర్వాత "చేతులు ఆనించకుండా తల పైకెత్తు అమ్మా" అన్నాడు. ఎత్తాను. బొడ్డు మీద నిలువుగా వేళ్ళు పెట్టి నొక్కాడు. మళ్ళీ ఎత్తమన్నాడు. నర్సు చేతిలోని కాగితం చూశాడు, నన్ను చూశాడు.

"ఇందులో కొవ్వు కొంచెమే ఉన్నదమ్మా. గొట్టంతో తీసినా మీ పొట్ట పోదు. నడిమిట్ల రెండు కండలుంటాయి, అవి ఇడిపోయి ఉన్నాయి. నా మూడు వేళ్ళు పడుతున్నాయి. లోపలున్నదంతా ఆ సందులోంచి ముందుకు తోసుకొస్తున్నది." చెయ్యి తీసి నన్ను లేచి కూర్చోమన్నాడు. "మీలాంటి సన్నని మనిషికి ఇది ఊరికెనే రాదు. నెలలు నిండినంక కాన్పయిందా?"

పదహారేళ్ళలో నన్ను ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. నిండినంకనే అయిందని చెప్పాను. ఇదే ఊళ్ళో, పెద్ద దవాఖానలో. నొప్పులు రెండు రోజులు పడ్డాను. చివరికి మత్తిచ్చారు. మెలకువ వచ్చేసరికి పక్కన ఏమీ లేదు. పుట్టడమే ప్రాణం లేకుండా పుట్టిందన్నారు. నాకు చూపించలేదు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మా ఇంట్లో ఆ కాన్పు లెక్కలోకి రాదు.

డాక్టరు నర్సు చేతిలోంచి కాగితం తీసుకుని 'లేవు' కొట్టేసి 'ఒకటి' అని రాశాడు. కండలను కలిపి కుట్టాలంటే పెద్ద ఆపరేషనని, హైదరాబాద్ రావాలని, తొందరేమీ లేదని చెప్పాడు. ఫీజు వంద ఇచ్చి బయటికొచ్చాను. జగిత్యాల ఆవిడ "ఎప్పుడు రమ్మన్నడు?" అంది. ఏం చెప్పానో గుర్తులేదు.

ఐదూ ముప్పావుకు పెద్దపల్లి బస్సు పట్టుకుని ఆరున్నర దాటాక సుల్తానాబాద్‌లో దిగాను. తమ్ముడి ఇంట్లో ముందు గదిలో రెండు మరమగ్గాలు ఆడుతూనే ఉన్నాయి, ఆ చప్పుడులో ఎవరి మాటా ఎవరికీ వినబడదు. ఆ రాత్రికి అది నాకు మంచిదే అయింది. తినేసి పడుకున్నాను.

ఆదివారం పొద్దున ఆరింటికి పెరట్లో అవ్వ నాకోసం నీళ్ళు కాగబెడుతోంది. మోకాళ్ళు వంగక చిన్న పీట మీద ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. పక్కన కూర్చుని డాక్టరు దగ్గరికి పోయిన సంగతి చెప్పాను. కాన్పయినప్పుడు విడిపోయిన కండలు మళ్ళీ కలవలేదట అన్నాను.

"నడుముకు కట్టు కట్టకపోతె గట్లనే అయితది" అంది అవ్వ పుల్లలు ఎగదోస్తూ. అని చెయ్యి ఆపింది.

బాలింతకు మా ఇళ్ళల్లో ఇరవై ఒక్క రోజులు ఉడుకు నీళ్ళు పోసి, పొట్టకు పాత ధోవతి బిగించి కడతారు. మా వాడకట్టులో ఎవరికి కాన్పయినా అవ్వనే పిలిచేవాళ్ళు, ఆమె కట్టు అంత గట్టిది. చెల్లెకు కట్టింది. తమ్ముని భార్యకు ఇద్దరు పిల్లలకూ కట్టింది.

"నాకెందుకు కట్టలేదు అవ్వా?"

అవ్వ చెంబు అందుకుని మళ్ళీ కింద పెట్టింది. కాగులో నీళ్ళు తెర్లుతున్నాయి.

"పక్కల పిల్ల లేంది బాలింత కట్టేందని అందరన్నరు బిడ్డా. వాళ్ళ మాట గాదు, నాకే చేతులు రాలే. కట్టు కడితె పొద్దుమాపు నీకు యాదికొస్తదని భయపడ్డ. పదొద్దులకే బస్సెక్కిచ్చి పంపిన."

"కట్టకపోతే మర్చిపోయిన్నా?"

"నువ్వడుగుతవేమోనని పదహారేండ్లసంది చూస్తున్న. అడగకపోతివి. మర్చిపోయినవనుకున్న." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆడిపిల్ల. మీ బాపు, అల్లుడు కల్సి తీస్కపోయిండ్రు."

నాకు కోపం వచ్చింది. పదహారేళ్ళు నాకు ఆడపిల్లో మగపిల్లవాడో తెలియకుండా బతికాను, ఈ ఇంట్లో అందరికీ తెలుసు. అరవాలనిపించింది. కానీ నిన్నటి నుంచి బస్సులెక్కి దిగిన ఒళ్ళు, అరవడానికి కూడా శక్తి లేదు. పైగా అడగనిది నేనే.

"కట్టు" అన్నాను.

"ఇప్పుడు కడితె ఏమొస్తది? ఆపరేషనే అన్నడంటివి గదా."

"ఏం రాదు. నాకు కట్టు."

అవ్వ లేచింది. నన్ను పీట మీద కూర్చోబెట్టి చెంబులతో పొట్ట మీద, నడుం మీద ఉడుకు నీళ్ళు పోసింది, చర్మం ఎర్రబడేదాకా. తర్వాత పెట్టెలోంచి బాపు మగ్గం మీద నేసిన ఎనిమిది మూరల ధోవతి తీసింది. ఆయన పోయాక ఎవరికీ ఇవ్వకుండా దాచుకున్నది. నన్ను మంచం మీద పడుకోబెట్టి "ఊపిరి గుంజుకో" అని, నొప్పుల మోకాలును మంచం పట్టెకు ఆనించి చుట్టు మీద చుట్టు బిగించింది. కట్టు ఎక్కడా వదులు కాలేదు. పని చేస్తున్నంతసేపూ ఏడుస్తూనే ఉంది. నేను కూడా ఏడ్చాను. తమ్ముడి భార్య తలుపు దగ్గరికి వచ్చి, చూసి, ఏమీ అడగకుండా పోయి ఇద్దరికీ చాయ్ పెట్టుకొచ్చింది.

వెనక్కి కరీంనగర్ మీదుగా పోతే చుట్టూ తిరగాలి. సుల్తానాబాద్ నుంచి ఇచ్చోడకు పోయేవాళ్ళు పెద్దపల్లి చేరి, రైల్లో మంచిర్యాల, అక్కడి నుంచి ఉట్నూరు మీదుగా ఆదిలాబాద్ బస్సు పట్టుకోవాలి. దూరం తక్కువే గానీ కుదుపు ఎక్కువ. ప్యాసింజరు రైలు పదీ నలభైకి రావాల్సింది, పదకొండున్నరకు వచ్చింది. ఎదుటి బల్ల మీద నస్పూర్‌కు పోయే బొగ్గుబావి కార్మికుడు ఒకాయన కూర్చున్నాడు. నేను నిటారుగా కూర్చుని ఒరగలేకపోవడం చూసి "నడుం పట్టిందా చెల్లే?" అని తన దుప్పటి మడత పెట్టి వీపు వెనక పెట్టుకోమని ఇచ్చాడు. దిగేదాకా ఇంకో మాట మాట్లాడలేదు. అలసిన మనిషికి అలసట తెలుస్తుంది.

మంచిర్యాల స్టేషను బయట హోటల్లో అన్నం సగమే తినగలిగాను, కట్టు తిననివ్వలేదు. రెండింటి బస్సు కిక్కిరిసి ఉంది. జన్నారం దాటాక టేకు అడవి, దాని మధ్యలో సగం కొట్టుకుపోయిన రోడ్డు. గుంత వచ్చినప్పుడల్లా ధోవతి అంచు పక్కటెముకల్లోకి దిగేది. ఉట్నూరులో ఐదు దాటాక టీ తాగాను. ఆరున్నరకు గుడిహత్నూర్‌లో దిగి ఇచ్చోడకు బస్సు మారాను. రెండు రోజులు, ఐదు బస్సులు, ఒక రైలు. తీయించుకుందామని పోయిన పొట్టను మళ్ళీ వెంట తెచ్చుకున్నాను. హైదరాబాద్ ఆపరేషను సంగతి వేసవి సెలవుల దాకా చూసి తేల్చుకుంటాను. నాలాగ పోయేవాళ్ళు ఉంటే ఒకటి చెప్పగలను, అక్కడ కాన్పులెన్ని అని అడుగుతారు. బతికినవే కాదు, అన్నీ చెప్పండి.

ఏడుంబావుకు ఇచ్చోడలో దిగాను. మా ఆయన స్కూటరు పట్టుకుని కిరాణా కొట్టు లైటు కింద నిలబడి ఉన్నాడు. సంచి అందుకుని బండి స్టార్టు చేశాడు. నేను ఎక్కబోయి వంగలేక ఆగిపోయాను.

"నడుముకేమైంది?"

"అవ్వ కట్టు కట్టింది. బాలింత కట్టు."

ఆయన స్కూటరు ఆపేశాడు. నా మొహంలోకి చూడలేదు, హ్యాండిలు మీద ఉన్న తన చేతుల్నే చూసుకుంటూ నిలబడ్డాడు.

"ఆడపిల్లనంట గదా. నాకు చూపియ్యలే. మీరు చూసిండ్రు. ఎట్లుండె?"

కొట్టువాడు షట్టరు దించుతున్నాడు. అది పూర్తిగా దిగాక మా ఆయన తలెత్తాడు.

"కాళ్ళు నీ తీరే ఉండె" అన్నాడు. "పొడుగు వేళ్ళు. బట్టల సుట్టినా బయటికే ఉండె. మీ బాపు రెండుసార్లు కప్పిండు."

ఆయన బండిని రోడ్డు వైపు తిప్పాడు. నేను సంచి తీసుకున్నాను. ఆయన బండి నెట్టుకుంటూ, నేను పక్కన మెల్లగా అడుగులేస్తూ ఇంటికి నడిచాం. దారంతా ఆయనే మాట్లాడాడు.