సోమయ్య గారి నీళ్ళు

తాడేపల్లిగూడెం స్టేషనులో ఎండుచేపల గంపలు దించినప్పుడల్లా ఆ నీచు వాసన సరాసరి నా ఆఫీసు గదిలోకి వస్తుంది. గుమాస్తా లేచి కిటికీ మూస్తాడు. నాకు మాత్రం సోమయ్య గారు గుర్తుకు వస్తారు.

ఆయన మండవల్లి దాటాక కొల్లేటి మధ్యనున్న ఒక లంక ఊరికి కులపెద్ద. నేను ఇంజనీరింగు స్కూలు నుంచి కొత్తగా వచ్చిన సర్వే ఓవర్సీరును. సరస్సుకు నక్షా గీయడం నా పని. వరద తీశాక ఏ మడుగులో ఏ ఇంటివారు చేపలు పట్టాలో ఆయనే తేల్చేవారు. మంచి మడుగులు ముందు మగదిక్కు లేని ఇళ్ళకు. దోనె తోసే గెడతో ఆయన చూపిన హద్దును ఎవరూ దాటేవారు కారు. మొదటి రోజున నేను కొలకర్రతో లోతు చూస్తుంటే నవ్వారు. "నీళ్ళెంతున్నాయో రాసుకుంటున్నారు, బాగానే ఉందండి. ఎవరివో రాసుకోరా?"

రాసుకున్నాను. నెల రోజులు ఆయన దోనెలోనే తిరిగి ప్రతి మడుగుకూ నాలుగు సంగతులు రాశాను: పేరు, లోతు, అడుగున ఇసుకా బురదా, హక్కు ఏ ఇంటిది. "సర్కారోరికి కూడా సోమయ్యే చెప్పాల్సొచ్చింది చూడండి," అని మీసం దువ్వుకున్నారు. అక్కడ బతికేవాళ్ళను అడగకుండా ఏ కొలతా పూర్తికాదని నాకు స్కూల్లో ఎవరూ చెప్పలేదు. అది ఆయన దగ్గరే నేర్చుకున్నాను. కానీ ఆఫీసు ఫారంలో హక్కుకు గడి లేదు. మొదటి మూడు సంగతులూ నక్షాకెక్కాయి. నాలుగోది నా నోటుబుక్కులో ఉండిపోయింది.

మరుసటి ఏడు సర్కారు ఆ మడుగులను కౌలుకివ్వబోతోందని తెలిసి నేనే లంకకు వెళ్ళి, అర్జీ పెట్టమని ఆయనకు చెప్పాను.

"మా నీళ్ళు మావని అర్జీయా? రేపు మా ఇంటిది నా పెళ్ళామేనని కూడా పెట్టమంటారా ఏంటండీ?"

అర్జీ పెట్టలేదు. ఏలూరులో కౌలు విచారణకు మాత్రం తలపాగా చుట్టుకుని ఒక్కరే వచ్చారు. కాగితమేదని విచారణ చేసే దొరగారు అడిగితే, నక్షా పట్టుకుని నిలబడ్డ నన్ను చూపించారు. "ఆ బాబు రాసుకున్నారండి. ఆయన్నడగండి." దొరగారు నన్నడిగింది ఒక్కటే: నక్షాలో ఈ మనిషి హక్కు ఉన్నదా?

"లేదండి," అన్నాను. అది నిజం. నోటుబుక్కు నా సంచిలోనే ఉంది. దాని గురించి ఎవరూ అడగలేదు. అడగనిది చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. సోమయ్య గారు నావైపు చూడకుండా బయటకు నడిచారు.

కౌలు ఒక షావుకారుకు దక్కింది. వరద తీసిన నాడు అతని మనుషులు పోలీసులతో వచ్చారు. సోమయ్య గారు మొలలోతు నీళ్ళలో గెడ అడ్డంపెట్టి నిలబడ్డారు. "ఒక్క దోనె కదిలిందా, చూడండి!" దోనెలు కదిలాయి. షావుకారు కూలికి ఒప్పుకున్న లంకవాళ్ళవే అన్నీ. ఆయనకు తగలకుండా, మర్యాదగా, పక్కనుంచి పోయాయి. "తప్పుకోండి పెదనాన్నా," అన్నాడొకడు మెల్లగా. మూడో రోజున ఆయన శవం తేలింది. కాలు జారిందని పోలీసులు రాసుకున్నారు. కొల్లేట్లో సోమయ్యకు కాలు జారడమేమిటని లంకలో ఒక్కరూ అడగలేదు.

కర్మ నాడు వెళితే ఆయన భార్య నాకు పీట వేసింది. "మీరు అబద్ధం చెప్పలేదంటగా బాబూ. మంచిదేనండి," అంది.

ఇప్పుడు ఏ విచారణలోనైనా అడిగినదానికి జవాబిచ్చాక నేను కూర్చోను. "ఇంకేమిటయ్యా?" అని పైఅధికారి విసుక్కుంటాడు. అడగనిది కూడా చెబుతాను. అందుకు రెండుసార్లు బదిలీ చేశారు. తోటివారు దీన్ని ధైర్యమంటారు. కాదు. ధైర్యం కావలసిన రోజు ఏలూరులోనే దాటిపోయింది.