పుట్టిలో నడిమి చోటు

పుట్టి దిగడం ఒక విద్య అని నాకు నలభై దాటేదాకా తెలియదు. బీకాంలో అది లేదు.

మాది చేపలు పట్టే ఇల్లు. ఆర్మూరు నుంచి బాల్కొండ బస్సెక్కి, మధ్యలో దిగి, మక్కజొన్న చేన్ల వెంట నడిస్తే పోచంపాడు ప్రాజెక్టు నీళ్లు వచ్చి ఆగే చోట మా ఊరు ఉంటుంది. ఇంటిల్లిపాదిలో చదువుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఆర్మూరు పసుపు యార్డులో గుమాస్తాగా చేరాను. ఎనభైల నాటి మాట. సీజనులో సాయంత్రమయ్యేసరికి చెవులతో సహా పచ్చబడేవాణ్ణి. రోజూ నలుగు పెట్టించుకుని ఇంటికొచ్చే పెళ్లికొడుకును లోకంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఆదివారం యార్డు బందు. ఆ రోజు ఊరికి వెళ్లి పుట్టిలో పోయేవాణ్ణి. పుట్టి అంటే వెదురు బద్దలతో అల్లి, అడుగున తారు పూసిన గుండ్రటి పెద్ద గంప. దానికి ముందూ వెనకా ఉండవు. అందుకని ఎటు పోవాలో దానికి ఒకరు చెప్తూ ఉండాలి. చెప్పేది తెడ్డు. తెడ్డు మా నాన్నది, మేం బాపు అంటాం. వల మా కాకది, అంటే బాపు తమ్ముడిది. నాది నడిమి చోటు. అక్కడ కూర్చుని లోకం పోకడ మీద మాట్లాడేవాణ్ణి. చేపలు దూరంగా పోవడానికి అదీ ఒక కారణమని కాక అనేవాడు.

ఎక్కే పద్ధతి ఇదీ. వల వేసేవాడూ, నాలాంటివాడూ ఒడ్డున పొడి మీదే ఎక్కి కూర్చుంటారు. తెడ్డు మనిషి పుట్టిని మోకాలిలోతుకు తోసి, అంచు పట్టుకుని, ఒక కాలు సరిగ్గా నడుమ వేసి, రెండో కాలు వచ్చేలోపే కూర్చోవాలి. అంచు మీద కాలు పడిందా, గంప మూత అవుతుంది. తిరిగొచ్చాక అందరికంటే ముందు ఆయనే నీళ్లలోకి దిగి పుట్టిని ఒడ్డుకు లాగాలి. ఎక్కడంలో చివర, దిగడంలో మొదట. మా వాళ్లలో పెద్దరికం అంటే అదే.

ఇంకో పద్ధతి ఉంది. తెడ్డు మనిషికి ఎవరూ చెయ్యి ఇవ్వకూడదు. చెయ్యి పట్టుకుని ఎక్కినా, దిగినా, ఆ రోజుతో తెడ్డు చెయ్యి ఇచ్చినవాడిది. ఒకసారి నిజామాబాదు నుంచి వచ్చిన ఒక కొత్త అల్లుడు, మర్యాద తెలిసినవాడు, పుట్టి దిగుతున్న మామకు చెయ్యి అందించాడు. మామ ఏదో ధ్యాసలో పట్టుకున్నాడు. ఒడ్డంతా చూసింది. ఆయన తెడ్డు అల్లుడి చేతిలో పెట్టి ఇంటికి పోయి గోడకు ఒరిగి కూర్చున్నాడు. మళ్లీ నీళ్ల దగ్గరికి రాలేదు. అప్పటికి ఆయనకు జుట్టు కూడా నెరవలేదు. ఆ అల్లుడు బ్యాంకు ఉద్యోగి. తెడ్డు ఏం చేసుకున్నాడో నాకు తెలియదు.

అందుకే మా ఒడ్డున ఎవరైనా పెద్దమనిషి పుట్టి ఎక్కడానికో దిగడానికో తిప్పలు పడుతుంటే, మిగతా అందరూ ఆకాశం చూస్తారు. ఎవరో ఒకరు "మబ్బు వట్టినట్టున్నది" అంటారు. నడి ఎండాకాలంలో కూడా అంటారు.

తొంభైల్లోకి వచ్చేసరికి మా బాపు వంతుకు మబ్బు పట్టడం మొదలైంది. నేను గమనించలేదు. నడుమ కూర్చున్నవాడికి ఎదుటివాళ్ల కాళ్లు కనబడవు. తిరిగొచ్చాక బాపు నీళ్లలోకి దిగడం మానేసి, పుట్టిని జోరుగా తెచ్చి ఒడ్డు మట్టికి గుద్దేవాడు. "మీరు దిగి పోన్రి, నేను వల సర్దుకోనొస్త" అనేవాడు. వల కాక సర్దేసి ఉండేవాడు. ముసలితనంలో మనిషికి చాదస్తం పెరుగుతుందని ఒక సూత్రం చెప్పి ఊరుకున్నాను.

ఒక ఆదివారం చెప్పులు మరిచిపోయి వెనక్కి వచ్చాను. తుమ్మ చెట్ల సందులోంచి ఒడ్డు కనబడింది. బాపు ఒక్కడే పుట్టిలో ఉన్నాడు. అటూ ఇటూ చూసి, ఒళ్లంతా ఒక పక్కకు వాల్చాడు. పుట్టి మెల్లగా ఒరిగింది. ఆయన అందులోంచి, గంపలోంచి గుమ్మడికాయ జారినట్టు, మట్టిలోకి దొర్లాడు. తర్వాత రెండు చేతులూ రెండు మోకాళ్ల మీద ఒడ్డెక్కి, అక్కడే ఆగి, ఊపిరి తిరిగేదాకా తల వంచుకుని ఉన్నాడు.

గోదావరి వరదలో పుట్టి తిప్పిన మనిషని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకునే మా బాపు, పాకుతున్నాడు. ఏం చెయ్యాలో తెలియక నేనూ ఆకాశం చూశాను. అక్కడ ఏమీ లేదు. చెప్పులు లేకుండానే ఇంటికి పోయాను.

అవ్వకు, అంటే మా అమ్మకు, చెప్పాను. ఆమె రొట్టె తిప్పుతూనే ఉంది.

"నాకెర్కనే."

"ఎప్పటి సంది?"

"ధోతి మోకాళ్ల కాడ మన్ను పట్టవట్టిన సంది. ఉతికేది నేనే గదా."

"మరి తెడ్డు ఇడ్వమని చెప్పరాదు?"

అవ్వ అప్పుడు నా వైపు తిరిగింది. "ఇడిస్తె ఇంట్ల కూసుంటడు. గా మామ కూసున్నట్టు గోడకు కూసుంటడు. నీళ్ల మీదికి పోని దినం బువ్వ ముట్టడు మీ బాపు. గట్ల ఎన్నొద్దులు బతుకుతడో సదువుకున్నోనివి, నువ్వే చెప్పు."

దుబాయిలో ఉన్న మా తమ్ముడు సెలవు మీద వచ్చి తెడ్డు అందుకుంటాడని ఇంట్లో అందరి లెక్క. వాడు నీళ్లలో పుట్టినట్టు ఈదేవాడు. నా పేరు ఎవరూ తలవలేదు. నేనూ నొచ్చుకోలేదు. ఎండకు గొడుగు పట్టుకుని చేపలకు పోయేవాడి పేరు నేనైనా తలవను.

ఆ తర్వాత ప్రతి ఆదివారం నాకు ఒకటే దిగులు. బాపు ఈసారి ఎక్కుతాడా. ఎక్కలేకపోతే ఏమవుతుంది. లోకం పోకడ మీద మాట్లాడటం తగ్గించాను. చేపలు మాత్రం పెరగలేదు.

చలి తగ్గి, యార్డులోకి కొత్త పసుపు వస్తున్న రోజుల్లో ఒక ఆదివారం. ఒడ్డున జనం బాగా ఉన్నారు. కాక, నేను ఎక్కి కూర్చున్నాం. బాపు పుట్టిని తోశాడు. మోకాలిలోతుకు వచ్చాక అంచు పట్టుకుని కాలెత్తాడు. కాలు లేవలేదు. మళ్లీ ఎత్తాడు. ఒడ్డున ఎవరో మబ్బు సంగతి ఎత్తుకున్నారు. కాక వల ముడి ఒకటి విప్పి మళ్లీ అదే ముడి వేస్తున్నాడు. నేను నా చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను, మర్యాద కొద్దీ అవి లేస్తాయేమోనని.

బాపు నిలబడ్డాడు. తెడ్డు ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు. కుడి చెయ్యి నా ముందుకు చాపాడు.

అగ్గిపెట్టె అడుగుతున్నాడేమో అనుకున్నాను, నిజంగానే. ఒడ్డు మీద మాటలు ఆగిపోయాయి.

"వట్టుకోరా," అన్నాడు బాపు. "నీళ్లు సల్లగున్నయి."

"బాపు, తమ్ముడొచ్చినంక..."

"వాడొచ్చేదాంక నేను గిట్లనే నిలవడాల్నా?"

కాక ముడి వదిలేశాడు. "వట్టుకో బిడ్డ. చెయ్యే గదా, పాము గాదు."

"నువ్వే వట్టుకో కాకా," అన్నాను.

"వానికిస్తె ఇద్దరం గంగల కల్తం," అన్నాడు బాపు. "నువ్వు జర బరువున్నవ్."

పట్టుకున్నాను. ఆయన ఎక్కాడు. ఇక పుట్టిని ఒడ్డుకు తిప్పి, ఆయన దిగి, ఇంటికి పోయి గోడ వెతుక్కుంటాడని అనుకున్నాను. ఒడ్డున ఉన్నవాళ్లంతా అదే అనుకున్నారు. ఒకిద్దరు తలగుడ్డలు కూడా తీశారు.

బాపు తెడ్డు నా ఒళ్లో పెట్టాడు. "జరుగు. అది నా జాగ," అన్నాడు.

నేను జరిగాను. ఆయన నడుమ బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆ చోట మా వాళ్లు కొత్త కోడళ్లను కూర్చోబెడతారు, మేకపిల్లలను కూర్చోబెడతారు, నీళ్లు చూడ్డానికొచ్చిన ఆఫీసర్లను కూర్చోబెడతారు. బీకాం అయిన నాటి నుంచి నన్నూ కూర్చోబెడుతున్నారు. తెడ్డు ఇచ్చినవాడు కూర్చోవడం మాత్రం ఆ ఒడ్డు ఎన్నడూ చూడలేదు. కూర్చోకూడదని పద్ధతిలో ఎక్కడా లేదు. కూర్చోవచ్చని ఎవరికీ తోచలేదు, అంతే. సిగ్గుతో ఇన్నేళ్లుగా గోడలకు ఒరిగిన పెద్దమనుషులు ఒక్కొక్కరే గుర్తొచ్చారు.

"ఏం జూస్తున్నవ్," అన్నాడు బాపు. "తోలు."

తోలాను. పుట్టి ఉన్నచోటనే విసుర్రాయిలా గిర్రున తిరిగింది. గట్టిగా వేశాను. గట్టిగా తిరిగింది. ఆర్మూరు దిక్కు ఒకసారి, బాల్కొండ దిక్కు ఒకసారి చూపించింది.

"అన్నా, పిండి వడ్తదా?" అని కాక బాపును అడిగాడు.

"గోధుమలు తెచ్చేది ఉండె," అన్నాడు బాపు. తెడ్డు ఎలా వెయ్యాలో మాత్రం చెప్పలేదు. నడుమ కూర్చున్నవాడు చెప్పకూడదట. ఆ పద్ధతి నేను ఇన్నేళ్లూ పాటించలేదని అప్పుడు తెలిసింది.

ఎలాగో నీళ్ల మీదికి పోయాం. ఎలాగో వచ్చాం. చేపల సంగతి అడగొద్దు.

ఒడ్డు దగ్గర ముందు దిగాల్సింది నేను. కుడికాలు అంచు దాటించాను. ఎడమకాలు ఆలోచించుకుని చెప్తానంది. ఒక కాలు నీళ్లలో, ఒక కాలు గంపలో, నడుము ఎటు తిరగాలో తెలియక మధ్యలో పట్టేసింది. పదేళ్లకు పైగా యార్డు కుర్చీలో కూర్చున్న నడుము. సాయం కోసం కాక వైపు చూశాను.

కాక ఆకాశం చూస్తున్నాడు.

బాపు పాకడం చూసినప్పటికంటే అప్పుడు ఎక్కువ భయమేసింది. నాకింకా నలభై రెండే. "కాకా, జర చెయ్యియ్యే," అన్నాను.

"ఇయ్యకు తమ్మీ," అన్నాడు బాపు నడుమ నుంచి. "ఇస్తె తెడ్డు నీకొస్తది. వాడు పొద్దుగాలనే తీస్కున్నడు."

చివరికి దిగాను. రెండు చేతులూ రెండు మోకాళ్ల మీద. మట్టి వెచ్చగా, మెత్తగా ఉంది. పాకడంలో నొప్పి ఉండదని, ఆ తర్వాత తల ఎత్తడంలోనే ఉంటుందని అక్కడ తెలిసింది. లేచి, పుట్టిని లాగి, బాపుకు చెయ్యి ఇచ్చాను. ఆయన ఆ చెయ్యి పట్టుకుని, తొందర లేకుండా, అందరూ చూస్తుండగా, నిటారుగా దిగాడు. ధోతికి మన్ను అంటలేదు.

ఇంటి దాకా ముగ్గురం నడిచాం. అవ్వకు ఈ మాట ఎవరు చెప్పాలా అని నేను లోలోపల మాటలు కూర్చుకుంటున్నాను. గుమ్మం ముందు బాపు ఆగాడు.

"రేపు జర జల్ది పోదాం," అన్నాడు.

"రేపు సోమవారం, బాపు. కొత్త పసుపు వస్తున్నది, యార్డుకు పోవాలె."

"నిన్నెవరడిగిండ్రు? నీ తెడ్డు మీ కాక వట్టుకుంటడు. నడిమిట్ల కూసునేటోనికి ఆదివారం ఏంది, సోమవారం ఏంది," అని, లోపలికి పోయి, బువ్వ పెట్టమన్నాడు.