కాటా మీద మా ఆవిడ కారు

మా ఆవిడ చనిపోయి ఈ మంగళవారానికి పదిహేను రోజులు. కామెర్లు. గుంటూరు ఆసుపత్రిలో మూడు వారాలు ఉంది. మన మోటారు పోటీ సంఘం సభ్యుల్లో చాలామందికి ఈ సంగతి తెలుసు. తెలియనివారి కోసం రాస్తున్నాను.

పరామర్శకు వచ్చిన సంఘం కార్యదర్శి అరగంట కూర్చున్నాడు. లేచి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "మాస్టారూ, ఇట్టాంటప్పుడు అడగకూడదు గానీ, ఈ ఏటి సంచికకు కొత్త కార్ల రూల్సు మీద రెండు పేజీలు మీరే రాయాల" అన్నాడు. నాకు కోపం వచ్చింది. సరే అన్నాను. రాయడానికి కూర్చుంటే ప్రతి నిబంధన దగ్గరా ఆమె అడ్డం వస్తోంది. బతికున్నప్పుడూ ఇంతే.

కొత్త నిబంధనలు క్లుప్తంగా చెబుతాను. ఈ ఏటి నుంచి పోటీకి మన దేశంలో తయారై, అయిదేళ్ళు దాటని కార్లనే తీసుకుంటారు. నాలుగు చక్రాలకూ ఆయిలు బ్రేకులు ఉండాలి. దీపాలకు పన్నెండు వోల్టుల బ్యాటరీ ఉండాలి. బరువు తగ్గించడానికి తలుపులు, మడ్‌గార్డులు ఊడదీయకూడదు. యుద్ధానికి ముందు నాటి కార్లకు ఇదివరకు విడిగా ఒక తరగతి ఉండేది. అది రద్దయింది.

బ్రేకుల నిబంధన మొదట నేను వేరేగా రాశాను. "బ్రేకులు తగినంత గట్టిగా ఉండవలెను" అని. మా ఆవిడ బాలికల హైస్కూల్లో లెక్కల టీచరు. నేను కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. ఆమె నాతో ఎప్పుడూ వాదించేది కాదు. అడిగేది. వాదించేవాళ్ళతో వేగవచ్చు, అడిగేవాళ్ళతో వేగలేం. ఆ కాగితం చేతిలోకి తీసుకుని, "తగినంత అంటే ఎంతండీ?" అంది.

"తగినంత అంటే తగినంతే."

"పోటీలో కారు తోలే చిలకలూరిపేట మిల్లు యజమానికి తగినంతా, మీకు తగినంతా?"

ఆ రాత మార్చాను. ఇరవై మైళ్ళ వేగంలో ఉన్న కారు నలభై అడుగుల్లో ఆగాలి అని ఇప్పుడు నిబంధనల్లో ఉన్న వాక్యం అలా వచ్చింది. ఇదే మనిషిని ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని, ఇంట్లో పప్పు వండుకుంటున్నాను, ఉప్పు ఎంత వేయాలి అని అడిగితే, "తగినంత" అంది. నవ్వలేదు కూడా. ఇంతవరకు నాకు పప్పు కుదరలేదు.

ఆమె తండ్రిది బెల్లంకొండ దగ్గర పల్లె. మిషను ఆసుపత్రిలో డ్రైవరుగా చేసేవాడు. ఎకరన్నర పత్తి చేను కూడా ఉండేది. ఆసుపత్రి డాక్టరు దొరసాని తన దేశానికి వెళ్ళిపోతూ తన చిన్న కారును ఆయనకు ఇచ్చింది. ఆయన దాన్ని కూతురికి ఇచ్చాడు. నడపడం అంతకు ముందే నేర్పాడు. అలా మా ఇంటికి కారు వచ్చింది. నాకు మాత్రం నడపడం రాదు. మోటారు నిబంధనలు రాసేవాడికి నడపడం రావాలన్న నిబంధన ఎక్కడా లేదు.

పెళ్ళయిన కొత్తలో ఆమె నన్ను కాలేజీ దగ్గర దింపి బడికి వెళ్ళేది. మా వీధి చివర గేదెలున్న ముసలావిడ రోజూ కాపు కాసేది. "ఏమే టీచరమ్మా, మీ ఆయన్ని ఎనక సీట్లో కూర్చోబెట్టినావేందే?" అని అరిచేది. "ముందు కూర్చుంటే రూల్సు చెబుతారు అత్తా, అందుకని" అని మా ఆవిడ అంతకన్నా గట్టిగా అరిచేది. నేను పుస్తకంలో తల దూర్చుకునేవాణ్ణి.

శనివారం సాయంత్రం కారు మూత ఎత్తి, ఇంజను మీద చెక్క గరిటె ఒక కొస ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకునేది. "రెండో సిలిండరు దగ్గుతోంది" అనేది. ఆ గరిటె మళ్ళీ వంటింటికే వెళ్ళేది. వంటింటి గోడ మీద బొగ్గుతో టైర్ల గాలి లెక్కలు రాసేది. నేను సున్నం వేయించాను. తెల్లారేసరికి మళ్ళీ రాసింది. "సున్నం మీద ఇంకా బాగా కనపడుతోందండీ" అంది.

మూడేళ్ళ కిందట జరిగిన పోటీ పాత కార్లకు ఆఖరిది. ఆ మరుసటి ఏటి నుంచి ఆ తరగతి ఉండదని సంఘం ముందే ప్రకటించింది. మా ఆవిడ కోరిక ఒకటే. తన కారుకు నంబరు కట్టించుకుని, తనే నడిపి, నరసరావుపేట నుంచి మాచర్లకు టైముకు చేర్చాలి. అప్పటిదాకా ఆడవాళ్ళెవరూ మన పోటీలో నడపలేదు. నిబంధనల్లో అడ్డేమీ లేదు. రాసేటప్పుడు మాలో ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు, అంతే.

కొత్తవారికి ఒక మాట. మనది వేగం పోటీ కాదు. నరసరావుపేటలో బయల్దేరి పిడుగురాళ్ళ, గురజాల మీదుగా మూడు గంటల పది నిమిషాల్లో మాచర్ల చేరాలి. ఆలస్యమైతే మార్కులు పోతాయి. ముందు చేరినా పోతాయి. మన రోడ్డు మీద ఆ రెండింటి మధ్య ఉండటం ఎంత కష్టమో, ఆ గుంటల్లో నడిపినవారికి తెలుసు.

పాత కార్లకు కనీసం వెయ్యి కిలోల బరువు ఉండాలని నేను నిబంధన పెట్టాను. సీట్లు, తలుపులు పీకేసి తేలిక చేసుకోవడం అప్పటికే మొదలైంది. మా కారు చిన్నది. ఆమె ఒక మాట అంది: "తొమ్మిది వందల యాభై పెట్టకూడదా?" నీ కారు కోసం నిబంధన రాయను అన్నాను. మళ్ళీ అడగలేదు. రెండు సాయంత్రాలు కూర్చుని కారు పుస్తకంలోని బరువుకు స్పేరు చక్రం, పనిముట్లు అన్నీ కలిపి లెక్క వేసింది. వెనక సీటు కింద ఇనప పలక ఒకటి బోల్టులతో బిగించింది. వెయ్యీ పది కిలోలకు తెచ్చింది. పది ఎక్కువ ఎందుకంటే, కాటా ముల్లు ఎటు ఊగుతుందో తెలియదు కదా అంది.

పోటీకి ముందు రోజు మధ్యాహ్నం పేటలో ఒక జిన్నింగు మిల్లు కాటా మీద కార్లు తూచాం. పత్తి బండ్లు తూచే కాటా అది. మిల్లు గుమస్తా తూచి చీటీ రాసి ఇస్తాడు. పక్కన నిలబడి చీటీ చూసి ఒప్పుకోవడం, కాదనడం నా పని. పెద్ద కార్లన్నీ దర్జాగా దాటిపోయాయి. ఆఖరున మా ఆవిడ కారు ఎక్కించి దిగింది. గుమస్తా కాటా ముల్లు వైపు చూశాడు, పెదాలు కదిపాడు, చీటీ రాశాడు. తొమ్మిది వందల తొంభై.

మా ఆవిడ చీటీ చూసింది. గుమస్తా చేతి వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. చుట్టూ ముప్ఫై మంది ఉన్నారు. "పది తక్కువ" అన్నాను. "అవునండీ" అంది. అనర్హం అని రాసి సంతకం పెట్టాను. అది అప్పట్లో గొప్పనుకున్నాను.

సాయంత్రం అన్నం తింటూ, "నీ లెక్క తప్పింది" అన్నాను.

"తప్పిందేమో" అంది.

పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆమె లెక్క విషయంలో ఆ మాట అనడం అదే మొదలు. నాకు అనుమానం రావాలి. రాలేదు. మజ్జిగ పోయమన్నాను.

మర్నాడు ఉదయం సంఘం అధ్యక్షుడి జీపులో ముందుగా మాచర్ల వెళ్ళాను. ఆయన పత్తి రైతు, పంచాయతీ రాజకీయాల్లో తిరిగినవాడు. ఊరి బయట రోడ్డుకు అడ్డంగా సున్నంతో గీత గీసి, బల్ల వేసుకుని కూర్చున్నాం.

"ఏంది మాస్టారూ, సొంత ఇంటి బండినే తీసేశారంట? రేత్రి అన్నం పెట్టిందా మరి?"

"పది కిలోలు తక్కువండీ" అని చీటీల కట్ట ఇచ్చాను. ఆయన పైది తీసి, అంకె పక్కన గుమస్తా గిలికిన 'ని' అన్న అక్షరం చూసి పెద్దగా నవ్వాడు.

"ఇది నికరం గదయ్యా! తరుగు తీసి రాసినాడు."

పత్తి తూచినప్పుడు తేమకని, చెత్తకని నూటికి రెండు తగ్గించి చీటీ రాయడం మిల్లుల్లో ఆనవాయితీ. దాన్ని తరుగు అంటారు. నాకు పత్తి చేను లేదు. ఆ మాట విన్నాను గాని, ఎన్నడూ చీటీలో చూడలేదు.

"కారుకు తరుగేమిటండీ?"

"వాడి కాటా మీద నేనెక్కి నిలబడినా తరుగు తీస్తాడు."

పెన్సిలు తీసి లెక్క వేశాను. అన్ని చీటీల మీదా ఆ అక్షరం ఉంది, అన్ని కార్లకూ తీశాడు. పెద్దవాటికి ఆ తగ్గింపు లెక్కలోకి రాలేదు. ఈ కారుకు వచ్చింది. నూటికి రెండు కలిపితే వెయ్యీ పది. ఆమె లెక్క.

తర్వాతి వారం గుమస్తాను నిలదీశాను. మంచివాడే. నొచ్చుకున్నాడు. "కాటా మీదకి ఏది వచ్చినా తరుగు తీయకుండా చీటీ రాయడం నా చేతికి రాదయ్యా. ముప్ఫై ఏళ్ళ అలవాటు. మీరు పక్కనే ఉండారు గదా, ఒక్క మాట అడగలా?" అన్నాడు. అడగలేదు. ప్రతి నిబంధనకూ ప్రశ్న అడిగే మనిషితో కాపురం చేస్తూ, నేను ఒక్క ప్రశ్న అడగలేదు.

కొత్త నిబంధనల్లో పద్నాలుగోది చూసి సభ్యులు కొందరు నవ్వుతున్నారని తెలిసింది. "తూకపు చీటీలో కారు మొత్తం బరువే రాయవలెను, తరుగు తీయరాదు" అని. నవ్వండి. అది ఉంటుంది.

ఆ తర్వాత రెండేళ్ళు వానలు లేక పోటీయే పెట్టలేదు. ఈ ఏడు పెడుతున్నాం, కొత్త కార్లతో. ఆమె కారుకు తరగతి లేదు. ఆమె లేదు. ఆ రోజు మాచర్ల దగ్గర జరిగింది సంఘం పుస్తకాల్లో ఎక్కడా లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

పదకొండు దాటాక కార్లు రావడం మొదలైంది. ఆఖరిది అయిదు నిమిషాలు ముందే వచ్చి మార్కులు పోగొట్టుకుంది. బల్ల మడిచేశారు. అధ్యక్షుడు అందరినీ భోజనాలకు తోలుకుపోయాడు. నేను చీటీలు సర్దుకుంటుంటే గురజాల వైపు దుమ్ము లేచింది. ఇంకే కారూ రావలసింది లేదు.

నంబరు లేని మా కారు వచ్చి గీతకు మూడు గజాల ముందే ఆగింది. ఇంజను ఆపలేదు. పక్క సీట్లో మా మామగారు తలకు తువ్వాలు చుట్టుకుని, చేతిలో గడియారం పట్టుకుని కూర్చున్నాడు. నేను దగ్గరికి వెళ్ళాను.

"ఎక్కడికి వచ్చావు?"

"మాచర్లకండీ. ఆఖరి కారు పోయినాక రెండు నిమిషాలు ఆగి బయల్దేరాం. ఎనిమిది ముప్ఫై రెండు. ఇంకా ఒక నిమిషం ఉంది."

"కాటాలో తరుగు తీశారు" అన్నాను.

"తెలుసు."

"ఎప్పుడు తెలుసు?"

"గుమస్తా పెదాలు కదిపినప్పుడే. చిన్నప్పుడు నాన్న పత్తి బండి ఎనకాల ఎన్నిసార్లు పోలేదు!"

"మరి చెప్పాలి కదా!"

"అంతమందిలోనా? రూల్సు రాసినాయన్ని పెళ్ళాం కాటా కాడ దిద్దితే, మళ్ళీ మీ మాట ఎవరింటారు?"

"ఇంటికొచ్చాక చెప్పొచ్చు."

"ఇంటికొచ్చాక మీరు నీ లెక్క తప్పింది అన్నారు."

మామగారు గడియారం మీద నుంచి కళ్ళు తిప్పకుండా, "నే చెబుతానన్నా అల్లుడుగారూ. నా నోరు మూయించింది. చానా మొండిది, మీకు తెలవందేముంది" అన్నాడు.

నేను గీత మీద నుంచి పక్కకు జరిగాను. "దాటు. టైము నేను రాస్తాను" అన్నాను.

"నంబరు లేని బండి గీత దాటకూడదు. తొమ్మిదో రూలు. మీదే."

"రూలు పోతే పోయింది."

"అట్టా అనబాకండి" అంది. నిజంగా కోపం వచ్చింది ఆమెకు.

ఈ మనిషితో ఏం చేయాలో నాకు ఆ రోజు తెలియలేదు. ఇప్పుడూ తెలియదు.

"టైమైందమ్మా" అన్నాడు మామగారు.

ఆమె ఇంజను ఆపింది. నా గడియారం చూశాను. సంఘం సభ్యులు దయచేసి గమనించాలి. పాత కార్ల తరగతి. బరువు వెయ్యీ పది కిలోలు. పేటలో బయల్దేరింది ఎనిమిది ముప్ఫై రెండుకు. మాచర్ల గీతకు మూడు గజాల ముందు ఆగి ఉన్నది పదకొండు నలభై రెండుకు. తేడా లేదు.

చక్రం మీద చేతులు అలాగే ఉంచి ఆమె ముందుకు చూస్తూ కూర్చుంది. కారు వెనక వచ్చిన దుమ్ము మాత్రం ఆగలేదు. ఆమెనూ, తండ్రినీ, నన్నూ కప్పేసి, మెల్లగా ఆ సున్నపు గీత దాటి ఊరి వైపు పోయింది.