ఎర్ర కూజాకు తెల్ల మెడ

నా చిన్నప్పుడు మా ఇల్లు సికింద్రాబాద్‌లో, రెజిమెంటల్ బజార్ వెనక సందులో ఉండేది. మా తాతయ్య కుమ్మరి. ఎర్రమట్టి తప్ప ఇంకో మట్టి ముట్టేవాడు కాదు. పక్కింటి చాచా తెల్లమట్టితో ఊరగాయ జాడీలు చేసేవాడు. పొద్దున లేచి ఒకరి మట్టిని ఒకరు వెక్కిరించుకోకపోతే ఇద్దరికీ చాయ్ గొంతు దిగేది కాదు.

ఇద్దరికీ ఒకటే పిచ్చి. ఎర్రమట్టి కూజాకు తెల్లమట్టి మెడ అతికించి, ఒకే ఆవంలో కాల్చాలి. అదేమో చెప్పినంత సులువు కాదు. మంటలో రెండు మట్టులూ ఒక్కలా ముడుచుకోవు. ఎన్నిసార్లు చేసినా అతుకు దగ్గర పగిలేది. చివరికి చాచా ఒక ఉపాయం చేశాడు. రెండు మట్టులనూ సమంగా పిసికి, కాల్చిన పెంకుల పొడి కలిపి, మెడకూ కడుపుకూ మధ్య పట్టీలా వేశాడు.

"నీ మట్టి మొండిది, నాది నాజూకు. నడుమ ఇద్దరి తరఫు మనిషొకడుండాలె," అని నవ్వాడు.

అది పోలీస్ చర్య జరిగిన ఏడాది. జిల్లాల్లో ముసల్మానుల మీద జరిగిన దాడుల్లో చాచా తమ్ముణ్ణి చంపేశారని కబురొచ్చింది. అప్పటినుంచి చాచీకి కంటిమీద కునుకు లేదు. కరాచీలో ఉన్న తన అన్నల దగ్గరకు పోదామని పట్టుబట్టింది. మా సందులో వాళ్ళను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. భయపడిన మనిషికి అది చాలదని నాకప్పుడు తెలియదు.

వాళ్ళు బొంబాయి రైలెక్కే రోజుకు కూజా ఇంకా ఆవంలోనే ఉంది. మంట ఆరింది గానీ వేడి తగ్గలేదు. టాంగా వచ్చి వాకిట్లో నిలబడింది. కూజా నిలిచిందో లేదో కళ్ళారా చూసి పోవాలని చాచా ఎంత ఆశపడ్డాడో మాకందరికీ తెలుసు. తాతయ్య ఆగలేక ఆవం మీది కప్పు తీయబోయాడు. చాచా ఆయన చేయి పట్టుకున్నాడు.

"వద్దు భాయ్. మంటకు నిలిచింది సుత, తొందరపడి చల్లగాలి తగిలిస్తే పగుల్తది. జెర ఆగు. నేను చూడకున్నా పర్వా లేదు."

చాచీ ఏడుస్తూ నా తల నిమిరింది. టాంగా కదిలింది.

ఆవం పూర్తిగా చల్లారాక తాతయ్య కప్పు తీశాడు. కూజా చెక్కుచెదరలేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూలబడ్డాడు.

"పగిలినా గింత తక్లీఫ్ కాకపోవు బిడ్డా. జూసేటోడే లేకపాయె," అన్నాడు.

చాచా మళ్ళీ రాలేదు. నేనిప్పుడు ముసలిదాన్ని. ఇంట్లో మాటలు వేడెక్కినప్పుడు తొందరపడకుండా చల్లారనిస్తాను. ఆ ఓపిక చాచా ఇచ్చింది. ఏ పనైనా చక్కగా కుదిరినప్పుడు మాత్రం, సంతోషించబోయి, దాన్ని చూడవలసిన మనిషి ఉన్నాడా అని చుట్టూ చూస్తాను. అది తాతయ్య ఇచ్చింది.