గీత లేని పప్పు

జీడిగింజల షెడ్డులో అందరికీ ఆవిడ అత్తే. తనకంటే పెద్దవాళ్ళూ అలాగే పిలిచేవారు, మేస్త్రీ కూడా. "ఇంతమంది అల్లుళ్ళుండీ ఒక్కడూ టీ తాగించిన పాపాన పోలేదు" అనేది. నాకు మాత్రం నిజంగానే అత్త, నాన్నకు అక్క. అమ్మ పోయాక నాన్న నన్ను ఆవిడ దగ్గర వదిలి వెళ్ళాడు. బడి మానేసి షెడ్డుకు వచ్చిన రోజున ఆవిడే నన్ను తన బల్లకు అవతలి వైపు కూర్చోబెట్టుకుంది.

ఒక్కో బల్లకు ఇద్దరు. ఒకరు కోస్తారు, ఎదురుగా కూర్చున్నవాళ్ళు పుల్లతో పప్పు తీస్తారు. ఉడికించి ఆరబెట్టిన గింజను ఎడమచేత్తో రెండు కత్తుల మధ్య నిలబెట్టి, కాలితో పెడలు తొక్కి, కుడిచేత్తో పిడి తిప్పాలి. డిప్ప రెండుగా విచ్చుకుంటుంది. లోపలి పప్పు విరగకుండా వస్తే గుండు, నిలువునా చీలితే బద్ద, చితికితే నూక. గుండ్లకు ఒక బేసిను, మిగతావాటికి ఇంకొకటి. సాయంత్రం మేస్త్రీ రెండూ తూకం వేస్తాడు. నూక ఎక్కువవుతూ ఉంటే ఎంత పాతవాళ్ళయినా మిషను దిగాల్సిందే.

గింజ డిప్పలో ఉండే జీడి రసం తగిలితే చర్మం పొక్కుతుంది. అందుకని చేతులకు ఆముదం రాసుకుని బూడిద అద్దుకుంటాం. అయినా అత్త వేళ్ళ చివర్లు నల్లబడి గరుకు తేలాయి. ఆ వేళ్ళతో నా జుట్టు చిక్కులు తీస్తుంటే వెంట్రుకలు వాటికే చిక్కుకునేవి.

ఎంత బాగా కోసినా కత్తి అంచు పప్పు నడుము మీద సన్నని గీత పెడుతుంది. ఎవరి చేతిని బట్టి వాళ్ళ గీత. పక్క బల్ల పొట్టి పిన్నిది అడ్డంగా ఉంటుంది. కిటికీ దగ్గరి అక్కచెల్లెళ్ళలో కోసేది పెద్దది, ఆవిడ గీత కొక్కెంలా వంగుతుంది. అత్త కోసిన పప్పు మీద గీతే ఉండేది కాదు. నేను వెలుతురుకు ఎత్తి చూసేదాన్ని.

"ఏం చూస్తావే అంతలా? అందులో పెళ్ళికొడుకు గానీ కనిపిస్తున్నాడా?"

నోట్లో నాలుక లేనిదాన్ని కాబట్టి నవ్వి ఊరుకునేదాన్ని. అత్త ఈ పని తప్ప దేని గురించీ గొప్పగా చెప్పుకోగా నేను వినలేదు. పిల్లలు లేరు. ఇంటి వెనక జీడిచెట్టు మామయ్య నాటింది. అది కాపుకు రాకముందే ఆయన పోయాడు. గింజలు రాలే కాలంలో అత్త పెరట్లో మంట వేసి వాటిని కాల్చి, రాయితో కొట్టి, గుండ్లు నాకు పెట్టి నూక తను తినేది.

"నువ్వొక గుండు తినచ్చు కదత్తా."

"రోజంతా వాటి మొహమే చూస్తాను. ఇంటికొచ్చి కూడానా?"

ఒక ఎండాకాలం ఆవిడ ఎడమచెయ్యి వణకడం మొదలుపెట్టింది. ముందు చూసింది నేనే. గింజ కత్తుల మధ్య కుదురుగా నిలబడేది కాదు. మొదట పప్పు మీద గీత వచ్చింది. తరవాత బద్దలు, ఆ తరవాత నూక. అత్త టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని "చలిగా ఉందే" అనేది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది.

"అత్తా, నూక ఎక్కువైంది" అన్నాడు మేస్త్రీ, తూకం దగ్గర.

"గింజల సంచి మంచిది కాదు అల్లుడూ."

"పక్క బల్లకూ అదే సంచి వేశాను."

"అయితే దాని జాతకం బాగుంది."

మేస్త్రీ నవ్వలేదు. "ఈ వారం చూస్తాను. తరవాత నన్ను తిట్టుకోకు" అన్నాడు.

మర్నాడు అత్త మంచినీళ్ళకు వెళ్ళినప్పుడు పొట్టి పిన్ని లేచి వచ్చి, తన గుండ్లు దోసెడు మా బేసినులో పోసి, మా నూక దోసెడు తీసుకుపోయింది. నన్ను చూసి పెదవుల మీద వేలు పెట్టింది. ఆవిడ వెనకే కిటికీ దగ్గరి పెద్దక్కా వచ్చి అలాగే చేసింది. సాయంత్రం తూకం బాగా వచ్చింది.

"చూశావా, చెయ్యి దారికొచ్చింది" అన్నాడు మేస్త్రీ.

ఆ రోజు ఇంటికి వెళ్ళేటప్పుడు అత్తను అందుకోవడానికి నేను పరుగెత్తాల్సి వచ్చింది. దారంతా మాట్లాడింది. చేతి విషయంలో కొంచెం ఓపిక పట్టాలట, అంతే, అదే సర్దుకుంటుందట. రాత్రి అన్నం కూడా ఇంకాస్త పెట్టించుకుంది.

మర్నాడు తూకానికి ముందు బేసినులోంచి ఒక గుండు తీసి బొటనగోటితో దాని నడుము తడిమింది. ఇంకొకటి తీసింది. తల ఎత్తి నన్ను చూసింది. నేను చేతిలోని పుల్లను చూస్తూ కూర్చున్నాను. బేసిను చంకన పెట్టుకుని పొట్టి పిన్ని దగ్గరకు వెళ్ళింది.

"ఇవి నీవి."

"పప్పు మీద పేరు రాసుందా అత్తా?"

"రాసుంది. ఎప్పటినుంచి పోస్తున్నారు?"

పొట్టి పిన్ని చేతుల బూడిద దులుపుకుంది. "నిన్నా ఇవాళే."

"నిన్న కూడానా" అంది అత్త.

పిన్ని గుండ్లు పిన్నికి ఏరి ఇచ్చేసి, కిటికీ దగ్గరకు నడిచింది. "ఈ కొక్కేలు నీవి, తీసుకో."

"ఉంచుకో అత్తా, మాకేం తక్కువ కాదు" అంది పెద్దక్క.

"నాకు తక్కువవుతుంది" అంది అత్త.

అన్నీ ఇచ్చేశాక బేసిను అడుగున ఆవిడవి కొన్నే మిగిలాయి. వాటిని తూకంలో పోసి, మేస్త్రీ ఏదో అనబోతుంటే ఆపింది.

"నా మిషను మీద దీన్ని కూర్చోబెట్టు. ఇన్నేళ్ళూ నా చేతుల్నే చూసింది, ఊరికే పోదు."

"సరే. నువ్వు ఎదురుగా కూర్చుని పుల్ల పట్టు అత్తా."

అత్త ఎడమచెయ్యి చాపి చూపించింది.

"బయట గింజలు ఎండబెడతాను. దానికి కాళ్ళు చాలు" అంది.

అప్పటినుంచి ఆవిడ బల్ల మీద కోస్తున్నది నేనే. ఒక కొత్తమ్మాయి ఎదురుగా కూర్చుని పప్పు తీస్తుంది. నా పప్పు మీద గీత ఇంకా పోలేదు. గుమ్మంలోంచి బయట పరిచిన గింజలు కనిపిస్తాయి. అత్త పాదాలతో వాటిని సాళ్ళుగా తిరగేస్తూ ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తుంటుంది. చేతులు రెండూ చంకల్లో దాచుకుని ఉంటుంది.

ఈసారి చెట్టు గింజలు నేనే కాల్చి కొట్టాను. అలవాటు కొద్దీ నూక ఆవిడ వైపు జరిపాను.

"అది నా వేళ్ళకు అందడం లేదే. గుండే పెట్టు" అంది.

మంచిది చూసి నోటికి అందించబోతే మొహం పక్కకు తిప్పుకుంది.

"చేతిలో పెట్టు."

అరచేతిలో పెట్టాను. నోటిదాకా వెళ్ళకముందే జారి గచ్చు మీద పడింది. వంగి తీసుకుంది. మళ్ళీ పడింది. దుమ్ము ఊది మళ్ళీ తీసుకుంది. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.