వినికిడి వ్యాన్‌కు కొత్త ఆల్టర్నేటర్

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, ఎండాకాలం మొదట్లో, నన్ను నాచారం వర్క్‌షాపుకు మెయింటెనెన్స్ ఇంజనీరుగా వేశారు. ఉద్యోగంలో అదే నా చివరి పోస్టింగు. మాది పేదలకు వైద్యం అందించే ఒక ట్రస్టు. అంబులెన్సులు, మందుల బండ్లు, బస్తీలకు తిరిగే పరీక్షల వ్యాన్లు, అన్నిటి బాగోగులూ పారిశ్రామికవాడలోని ఆ రేకుల షెడ్డులోనే చూసేవాళ్లం. నా పైన రవాణా అధికారి, నా కింద మెకానిక్కులు, ఆపరేటర్లు.

నేను చేరగానే నా చేతిలో పెట్టిన పని వినికిడి పరీక్షల వ్యాన్. ఆ వ్యాన్ వెనక భాగంలో చప్పుడు చొరబడకుండా మందమైన గోడలతో ఒక చిన్న గది ఉంటుంది. అందులో మనిషిని కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, లావు గొంతువీ సన్న గొంతువీ కూతలు వినిపిస్తారు. వినపడినప్పుడల్లా అతను మీట నొక్కాలి. యంత్రానికి, లైట్లకు, గదిలో గాలికి కరెంటు కావాలి కాబట్టి వ్యాన్ వెంట డీజిల్ జనరేటర్‌ను లాక్కెళ్లేవారు. చిక్కంతా అక్కడే. జనరేటర్ మోత గోడల్లోంచి లోపలికి దిగి, పరీక్ష ఫలితాలను తారుమారు చేసేది. పరీక్షలు చేసే సుజాత మేడమ్ అప్పటికే చాలాసార్లు ఫిర్యాదు చేశారు.

నేను చెప్పిన మార్గం జనరేటర్‌ను తీసేయడం. బండి నడిచేటప్పుడు ఇంజను బెల్టుతో తిరిగి కరెంటు పుట్టించేది ఆల్టర్నేటర్. బండితో వచ్చినది హెడ్‌లైట్లకు, ఒక బ్యాటరీకి సరిపోతుంది, అంతే. దాని స్థానంలో దాదాపు రెట్టింపు ఆంపియర్లు ఇచ్చేది బిగిస్తే, క్యాంపుకు వెళ్లే దారిలోనే అదనపు బ్యాటరీలు నిండుతాయి. అక్కడికి చేరాక ఇంజను ఆపేసి, ఇన్వర్టర్ మీద నిశ్శబ్దంగా పని చేసుకోవచ్చు. అధికారి ఒప్పుకున్నారు.

జనరేటర్ ఆపరేటర్ యాదగిరిది ఉప్పల్ పాత ఊరే. వాళ్ల తాతల పొలం ఉన్నచోట ఇప్పుడు అపార్టుమెంట్లు ఉన్నాయి. నలభై దాటిన మనిషి, హెవీ లైసెన్సు ఉంది, కానీ డ్రైవర్ పోస్టు ఖాళీ లేక ఏళ్ల తరబడి జనరేటర్ పక్కనే స్టూలు వేసుకుని గడిపాడు. ఈసారి అధికారి అతన్ని పిలిచి, జనరేటర్ పోతే నువ్వే వ్యాన్ నడుపుదువుగాని అని మాటిచ్చారు. వ్యాన్ పాత డ్రైవర్ ఆ నెలలోనే రిటైరవుతున్నాడు.

ఆ మాటతో యాదగిరి మనిషే మారిపోయాడు. తన పని కాకపోయినా పొద్దున్నే వచ్చి నాతోపాటు బండి కింద దూరేవాడు. "సార్, పెద్దది పెడితే పాత వైరు కాలదా?" అని అతనే అడిగాడు. కాలుతుంది. ఎక్కువ కరెంటు పుట్టినప్పుడు దాన్ని మోసే తీగ కూడా లావుగా ఉండాలి. అందుకని బ్యాటరీకి వెళ్లే కేబుల్, దాని ఫ్యూజు, ఇంజను నుంచి ఛాసిస్‌కు వచ్చే ఎర్త్ పట్టీ, అన్నీ మార్చాం. ఇన్వర్టర్ వాడకంలో అసలు బ్యాటరీ ఖాళీ అయిపోయి బండి స్టార్టు కాకుండా పోకూడదని, దానికీ అదనపు బ్యాటరీలకూ మధ్య, ఇంజను ఆగగానే లంకె తెంపే ఒక రిలే పెట్టాం. బండి ఆగి ఇంజను మెల్లగా తిరిగే ఐడ్లింగ్‌లో ఏ ఆల్టర్నేటరూ దాని మీద రాసి ఉన్నంత కరెంటు ఇవ్వదు. కొత్తదానికి, బెల్టు తిప్పే చక్రం, పుల్లీ, కాస్త చిన్నది వేసి వేగంగా తిరిగేలా చేశాం.

బిగింపు అయ్యాక లోడంతా ఒకేసారి వేసి చూశాం. నేను క్యాబిన్‌లో మీటర్ పట్టుకుని ఉన్నాను. యాదగిరి బానెట్ దగ్గర వంగి ఉన్నాడు. ఉన్నట్టుండి బెల్టు కీచుమని అరిచింది. జారుతున్న బెల్టు చేసే చప్పుడది, షెడ్డు అవతలి వాళ్లు కూడా తలలు తిప్పారు.

"యాదగిరీ, బెల్టు జారుతోంది, ఆపుతున్నా!" అన్నాను.

అతను బానెట్ మీద అరచేయి ఆనించి, "ఏం లేదు సార్, మంచిగనే తిరుగుతుంది. సప్పుడేం లేదు," అన్నాడు.

ఇంజను ఆపి కిందికి దిగాను. బెల్టు బిగువు సరిచేస్తూ, ఒకసారి చెవులు చూపించుకోమని అతనితో మెల్లగా అన్నాను. అదీ అతనికి అందలేదు. రెండోసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

యాదగిరి నవ్వాడు. "రోజంతా మోతల ఉంటి గదా సార్, జర మొద్దుబారినట్టున్నయ్. గీ జనరేటర్ పీడ పోతే అవే సాఫ్ అయితయ్. ఫికర్ జెయ్యకుండ్రి."

వ్యాన్ సిద్ధమైన రోజు అధికారి, సుజాత మేడమ్ షెడ్డుకు వచ్చారు. ఇంజను ఆపి, ఇన్వర్టర్ వేశాం. ఎక్కడా చప్పుడు లేదు. మేడమ్ గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని, కాసేపటికి బయటికొచ్చి, "ఇన్నేళ్లకు దీన్ని పరీక్షల వ్యాన్ అనొచ్చు," అన్నారు. యంత్రాన్ని సరిచూసేందుకు ఎవరైనా ఒకరు కూర్చోవాలన్నారు. నేను కూర్చుంటానని ముందుకు కదిలాను.

"మీరుండుండ్రి సార్, నా బండి గదా, నేనే కూసుంట," అని యాదగిరి చెప్పులు విడిచి లోపలికెళ్లాడు. అతని చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. నేను భుజం మీద చేయి వేసినా ఆగలేదు.

చిన్న అద్దంలోంచి అతను మాకు కనిపిస్తూనే ఉన్నాడు. మొదట్లో, లావు కూతలకు, చకచకా మీట నొక్కాడు. మేడమ్ సన్నని కూతలకు వచ్చేసరికి అతని చేయి ఆగిపోయింది. ఆమె చప్పుడు పెంచుతూ పోయారు. యాదగిరి మీట మీద వేలు పెట్టుకుని, మా వైపు చూసి నవ్వుతూ, ఇంకా మొదలుకాని పరీక్ష కోసం ఎదురుచూస్తున్నట్టు కూర్చున్నాడు. యంత్రంలో లోపముందేమోనని మేడమ్ తర్వాత నన్ను కూర్చోబెట్టారు. నాకు అన్నీ వినిపించాయి.

బయటికొచ్చిన యాదగిరికి విషయం ఆమే చెప్పారు. "అన్నా, లోపల నరం దెబ్బతింది. ఇది మందులతో తిరిగిరాదు. చెవికి మిషన్ పెట్టుకుంటే మాటలు బాగా అందుతాయి."

అతను ఆమెను వదిలి అధికారి ముఖంలోకి చూశాడు. "నడుపుడుకు ఏం గాదు గదా సార్?"

మేడమ్ రాసిన ఫలితాల కాగితం తీసుకుని అధికారి వెళ్లిపోయారు. మరునాడు నన్ను పిలిచి, డ్రైవర్ పోస్టుకు వైద్య పరీక్షలో వినికిడి కూడా ఉందని, ఇది తెలిశాక తాను సంతకం పెట్టలేనని చెప్పారు. మిషన్ పెట్టుకున్నాక మళ్లీ పరీక్షించి నిర్ణయించమని అడిగాను. మేడమ్ కూడా అదే రాసిచ్చారు. ఆయన చెడ్డవాడు కాదు, భయస్థుడు. "రేపు ఏదైనా జరిగితే, చెవిటివాడి చేతికి బండెట్ల ఇచ్చినవని నన్నే అడుగుతరు," అన్నారు. వ్యాన్‌కు వేరే డ్రైవర్ వచ్చాడు. జనరేటర్‌ను అమ్మేశారు కాబట్టి పాత పని కూడా లేదు. యాదగిరిని మౌలాలిలోని మందుల గోడౌన్‌కు వాచ్‌మన్‌గా వేశారు. కొన్నాళ్లు చేసి మానేశాడు.

వ్యాన్ మాత్రం బాగా పనిచేసింది. ఒక్క క్యాంపు కూడా కరెంటు లేక ఆగలేదు. ఆ పనికి నన్ను ట్రస్టువాళ్లు సభలో మెచ్చుకున్నారు. ఆ రోజు హాల్లో నా కళ్లు యాదగిరి కోసం వెతికాయి. అతన్ని పిలవాలని ఎవరికీ తోచలేదు.

రిటైరయ్యాక చిల్కానగర్‌లో ఉంటున్నాను. ఒకసారి ఉప్పల్ కూరగాయల మార్కెట్లో యాదగిరి ఎదురయ్యాడు. బావమరిదితో కలిసి ఉల్లిగడ్డల వ్యాపారం చేస్తున్నాడు. చెవికి మిషన్ ఉంది. చాయ్ తాగించాడు. నేను ఆ వ్యాన్ సంగతి ఎత్తలేదు, అతనే ఎత్తాడు.

"ఆ జనరేటర్ ఉన్నన్ని దినాలు, ఏదన్న ఇనబడకపోతే దాని మోతనే అనుకున్న సార్. అది బందయినాక గూడ ఇనబడకపాయె. అప్పుడు తెలిసింది, ఖరాబైంది నేనే అని." చెవి మిషన్ సరిచేసుకుంటూ, "ఆ బండి ఒక్కపారన్న నడిపితే బాగుండు," అన్నాడు.

చాయ్ గ్లాసు కింద పెట్టి, ఉల్లిగడ్డలు తీసుకుని వచ్చేశాను.

ఆ జనరేటర్‌కు వేళ తప్పకుండా ఆయిల్ మార్చేవారు, ఫిల్టర్ మార్చేవారు. దాని పక్కన కూర్చున్న మనిషికి చెవులు కప్పుకునే సాధనం ఇవ్వాలని నాకంటే ముందు అక్కడ పనిచేసినవాళ్లెవరూ అనుకోలేదు. అందరి వినికిడీ పరీక్షించే సంస్థలో అప్పటిదాకా అతన్ని పరీక్షించినవాళ్లూ లేరు. మిగిలిన నా సర్వీసులో, కంప్రెసర్ల దగ్గర, గ్రైండర్ల దగ్గర పనిచేసేవాళ్లను ఏటా అదే వ్యాన్‌లో కూర్చోబెట్టి పరీక్ష చేయించాను. కొందరికి లోపం తొలిదశలోనే బయటపడింది, వాళ్ల పని మార్చగలిగాం. మోత చేసే యంత్రాన్ని ఎవరికైనా అప్పగించేవాళ్లు మొదటి రోజే చేయించాల్సింది ఆ పరీక్ష. యాదగిరి విషయంలో అది జరిగేసరికి, చేయడానికి ఏమీ మిగల్లేదు.